స్టార్లు తర్వాత. ముందు షాపు ఎన్నింటికి తెరుస్తారో చెప్పండి

అమీర్‌పేట నుంచి మాదాపూర్ దాకా ఏ డిజిటల్ మార్కెటింగ్ కొటేషన్ తీసినా ఇప్పుడు ఒక లైను ఖాయంగా ఉంటోంది: "స్కీమా మార్కప్, గూగుల్ ఫస్ట్ పేజీ గ్యారంటీ." పక్కనే వేలల్లో ఒక అంకె. ఈ పోస్టు ఆ లైను రాసేవాళ్ల గురించి. నేనూ సైట్లు కట్టుకుని బతికేవాణ్ణే కాబట్టి ఇది పోటీవాడి ఏడుపు అనుకున్నా నాకేం బాధ లేదు.

అసలు ఇదేంటో తెలియనివాళ్ల కోసం. మీ పేజీలో 1,200 అని ఉందనుకోండి. అది చీర ధరా, ఫ్లాట్ విస్తీర్ణమా అన్నది మనకి చూడగానే తెలుస్తుంది. యంత్రం మాత్రం చుట్టూ ఉన్న మాటల్ని బట్టి ఊహించుకోవాలి. ఆ ఊహల పని లేకుండా "ఇది ధర, రూపాయల్లో, సరుకు స్టాకులో ఉంది" అని పేజీ కోడ్‌లోనే విడిగా రాసిపెట్టడం, అంతే సంగతి. ఏ విషయాన్ని ఏ పేరుతో రాయాలో ఒక ఉమ్మడి జాబితా కావాలి కదా, దాన్ని 2011 జూన్‌లో గూగుల్, బింగ్, యాహూ కలిసి స్కీమా డాట్ ఆర్గ్ పేరుతో పెట్టాయి. ఒకరి నీడ ఒకరికి గిట్టని కంపెనీలు కలిసి చేసిన పని అది. రాసే పద్ధతులు మూడున్నాయి గానీ గూగుల్ సిఫారసు చేసేది జేసన్-ఎల్‌డీ. డిజైన్ జోలికి పోకుండా ఒక స్క్రిప్టు ముక్కగా పెట్టేయొచ్చు.

ఇందులో ఫస్ట్ పేజీ గ్యారంటీ ఎక్కడుంది? ఎక్కడా లేదు. గూగుల్ తన డాక్యుమెంటేషన్‌లో చెప్పేది ఇంతే: మార్కప్ సరిగ్గా ఉంటే మీ లింకు కింద ధర, ఫొటో, రేటింగ్ లాంటివి చూపించే అర్హత వస్తుంది, చూపిస్తామన్న హామీ మాత్రం లేదు. అర్హతకి, హామీకి ఉన్న ఆ తేడాని అమ్ముకునే బ్యాచే ఇది.

క్లయింట్లు అడిగేది కూడా ఒక్కటే. "అన్నా, గూగుల్‌లో పక్కోడి లింకు కింద పసుపు స్టార్లు వస్తున్నయ్, నాక్కూడా పెట్టరాదే." కోచింగ్ సెంటర్ సొంత సైట్లో, సొంత ఇన్‌స్టిట్యూట్‌కి, సొంతంగా రాసుకున్న 4.9 రేటింగ్. 2019 సెప్టెంబర్‌లోనే గూగుల్ ఈ దారి మూసేసింది. ఒక సంస్థ తన గురించి తన సైట్లో పెట్టుకున్న రివ్యూలకి స్టార్లు చూపించనంది, రివ్యూలు చూపించే బయటి విడ్జెట్ తెచ్చి అతికించినా సరే. దానికీ విరుగుడు కనిపెట్టారు మనవాళ్లు: వస్తువులకి స్టార్లు ఆగలేదు కాబట్టి ఇన్‌స్టిట్యూట్‌ని "ప్రొడక్ట్" అని రాసేయడం. పేజీలో ఎక్కడా కనబడని రివ్యూలు కోడ్‌లో మాత్రం వందల్లో ఉంటాయి. దొరికితే మాన్యువల్ యాక్షన్, అంటే గూగుల్ మనుషులే చూసి వేసే శిక్ష, పడుతుంది. దానివల్ల ర్యాంకు పోదు గానీ ఆ స్టార్లు వచ్చే అర్హతే పోతుంది. అప్పటికి బిల్లు కట్టేసి ఉంటారు, అమ్మినవాడు ఫోన్ ఎత్తడు.

ఎఫ్ఏక్యూ (తరచూ అడిగే ప్రశ్నలు) కథ ఇంకా దారుణం. లింకు కింద కనబడే ఆ ప్రశ్నల డబ్బాలని 2023 ఆగస్టులోనే పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకి మాత్రమే పరిమితం చేశారు. ఆ తర్వాత కూడా బిర్యానీ హోటల్‌కి ఎఫ్ఏక్యూ స్కీమా ప్యాకేజీ అమ్మినవాళ్లని చూశాను. ఈమధ్య కొత్త పాట: "ఏఐలో మీ పేరు రావాలంటే స్పెషల్ స్కీమా ఉండాలి." తన ఏఐ ఫీచర్ల కోసం ప్రత్యేకమైన స్కీమా ఏదీ పెట్టక్కర్లేదని గూగుల్ రాసిపెట్టింది. చదివే ఓపిక ఎవరికుంది!

నా అసలు కోపం ఇది కూడా కాదు. ఈ స్టార్ల గోలలో మార్కప్‌లో నిజంగా పనికొచ్చే గడులు ఖాళీగా ఉంటున్నాయి.

టైమింగ్సే తీసుకోండి. చార్మినార్ చుట్టుపక్కల బట్టల షాపు మామూలు రోజుల్లో ఒక టైము, రంజాన్ నెలలో అర్ధరాత్రి దాటాక కూడా బేరం. దీనికి చక్కటి ఏర్పాటుంది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఈ వేళలు అని విడిగా రాయొచ్చు. అర్ధరాత్రి దాటితే రెండు రోజులుగా విడగొట్టక్కర్లేదు, సాయంత్రం 6కి తెరిచి తెల్లవారుజాము 3కి మూస్తామని ఒకే ఎంట్రీలో పెడితే సరిపోతుంది. గణేశ్ నిమజ్జనం రోజు పూర్తిగా బంద్ అయితే తెరిచేదీ మూసేదీ రెండూ సున్నా గంటలే. ఒక్కటే మెలిక: రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది. పోయినేడాది తేదీలు వదిలేస్తే ఆ ఎంట్రీ దండగ. అంటే ఏటా ఒకసారి ఎవరో ఒకరు కూర్చుని మార్చాలి. వన్‌టైమ్ ప్యాకేజీ అమ్మేవాడికి ఆ పని ఎందుకు?

అడ్రసుదీ అదే గోస. మెహదీపట్నం నుంచి అత్తాపూర్ వైపు వెళ్తే అందరి అడ్రసూ ఫ్లైఓవర్ పిల్లర్ నంబరే. "పిల్లర్ దగ్గర యూటర్న్ కొట్టి, బేకరీ పక్క సందు." మనిషికి చాలు. మార్కప్‌లో వీధి, ప్రాంతం, పిన్‌కోడ్ వేరువేరు గడులు, దాంతోపాటు అక్షాంశ రేఖాంశాలు. దశాంశ బిందువు తర్వాత కనీసం ఐదంకెలు ఇవ్వమంటుంది గూగుల్. ఐదో అంకె అంటే నేలమీద ఒక మీటరు లెక్క. మన టెంప్లేట్ వీరులు రెండంకెలు కొట్టి వదిలేస్తారు, అంటే కిలోమీటరు తేడా. (మ్యాప్స్‌లో కనబడేది ఎక్కువగా బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్‌లో షాపు పేరుతో విడిగా తెరిచే ఖాతా) నుంచే వస్తుందని నాకూ తెలుసు, కామెంట్లలో క్లాసు పీకకండి. అక్కడొకటి, సైట్లో ఒకటి ఉంటే ఎవరిని నమ్మాలి?)

ఉద్యోగాల పేజీల గురించి తక్కువ మాట్లాడితే నా బీపీకి మంచిది. వాకిన్ ఇంటర్వ్యూ అయిపోయి నెలలవుతున్నా మార్కప్ అలాగే ఉంటుంది. గడువు తేదీకి ఒక గడి ఉంది బాబూ. అది దాటాక పేజీ తీసేయండి, లేదా మార్కప్ అయినా తీసేయండి. జిల్లా నుంచి బస్సెక్కి వచ్చే పిల్లల చార్జీలు ఎవరు కడతారు?

డబ్బులిచ్చే ముందు రిచ్ రిజల్ట్స్ టెస్ట్ అని గూగుల్‌దే ఉచిత పేజీ ఒకటుంది, మీ లింకు అందులో పెట్టి చూడండి. కోడ్‌లో తప్పులుంటే అదే చెబుతుంది. అబద్ధాలుంటే చెప్పదు, అవి మీరే పట్టుకోవాలి. కోడ్‌లో ఉన్న ప్రతి మాటా పేజీ మీద కంటికి కనబడుతోందా అని చూస్తే చాలు.

చివరగా సభలు పెట్టే సంఘాల పెద్దలకి. రవీంద్రభారతిలో కార్యక్రమం అంటారు, సైట్లో చూస్తే రంగురంగుల పోస్టర్ బొమ్మ ఒక్కటే. తేదీ, వేళ, హాలు అన్నీ ఆ బొమ్మలోనే. ఈవెంట్ మార్కప్‌కి ముఖ్యంగా కావలసింది పేరు, మొదలయ్యే తేదీ, స్థలం. అవి పేజీలో అక్షరాలుగా లేనప్పుడు నేను దేనికి మార్కప్ రాయాలి సార్? పోస్టర్‌తోపాటు ఆ మూడు ముక్కలూ తెలుగులోనే టైపు చేసి వాట్సాప్‌లో పడేయండి, మిగతాది నేను చూసుకుంటాను.