సీడీ ప్లేయరు, సీమంతం పరుపులు

మా బావగారు బ్యాంకు ఉద్యోగం నుంచి పదవీ విరమణ చేసిన నాటి నుంచి వారి ఇంట్లో సంగీతానిదే రాజ్యం. అంటే ఆయన పాడతారని కాదు. అంతటి అన్యాయం ఆయన ఎవరికీ తలపెట్టరు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం వారి భక్తిరంజనితో తెల్లవారిన బాల్యం ఆయనది. అందుచేత గాయకుడి గొంతులోని తడి, వీణ తీగ మీద వేలి ఒరిపిడి, మృదంగం ఎడమవైపు పలికే గుంకి, అన్నీ ఉన్నవి ఉన్నట్టుగా, చెవిలో గుచ్చుకోకుండా వినిపించే మేలురకం సీడీ ప్లేయరు ఒకటి సత్యనారాయణపురంలోని తమ ఇంట్లో ఉండి తీరాలని ఆయన పట్టుపట్టారు. పాటలన్నీ ఫోనులోనే దొరుకుతున్న కాలంలో ఇదేమిటని మా అక్కయ్య అడిగితే, బీరువా నిండా ఉన్న సీడీలను చూపించి, "అయితే వీటిని పాతసామాను వాడికి వేసెయ్యమంటావా?" అని ఎదురు ప్రశ్న వేశారు. అక్కయ్యకు ఆ ఆలోచన చాలాకాలంగా ఉన్నదన్న సంగతి నాకు తెలుసు.

గవర్నర్‌పేటలోని ఒక ఆడియో దుకాణానికి నన్నూ, ఇంజనీరింగు చదువుతున్న తమ చిన్నమ్మాయినీ వెంటబెట్టుకుని వెళ్ళారు. దుకాణదారు మమ్మల్ని కూర్చోబెట్టి, 1982లో జపానులో మొదటి సీడీ ప్లేయరు అమ్మకానికి వచ్చిన నాటి నుంచి మొదలుపెట్టాడు. సీడీలోని అంకెలను ధ్వని సంకేతంగా మార్చే, ఫిలిప్స్ కంపెనీవారి టీడీఏ 1541 అనే పాత చిప్పులలో, పరీక్షలో మేలైనవిగా తేలినవాటి మీద కిరీటం బొమ్మ ముద్రించేవారనీ, ఆ కిరీటం కోసం ఈనాటికీ పాత ప్లేయర్లను విప్పి చూసేవారున్నారనీ చెప్పాడు. కిరీటం మాట వినగానే బావగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. అటువంటి ప్లేయరుకు ఇప్పుడు పలికే ధర వినగానే మళ్ళీ వెనక్కు వాలారు.

చివరికి రెండు కొత్త ప్లేయర్లు పోటీలో మిగిలాయి. ఒకటి అదే పని చేసే, డెల్టా సిగ్మా అనే నేటి తరహా చిప్పుతో పనిచేసేది. రెండవది లోపల పాతకాలపు రేడియోల్లోవంటి వాక్యూమ్ ట్యూబులు వెలుగుతూ ఉండేది, ధరలో మొదటిదానికి దాదాపు రెట్టింపు. దుకాణదారు ఒకదాని తరువాత ఒకటి వినిపించాడు. ట్యూబుల ప్లేయరులో పాట నిండుగా, దగ్గరగా వచ్చి కూర్చున్నట్టు అనిపించింది. "ఇది కొంచెం పెద్దగా మోగుతోంది కదండీ?" అన్నది మా మేనకోడలు. సీడీ ప్లేయరు నుంచి ఆంప్లిఫయరుకు సాధారణంగా గరిష్ఠంగా 2 వోల్టుల సంకేతం వెళ్తుందనీ, కొన్ని ప్లేయర్లు అంతకన్నా ఎక్కువ పంపుతాయనీ, కాస్త పెద్దగా మోగేదే తీయగా ఉన్నదని చెవి పొరబడుతుందనీ, కాబట్టి రెండింటినీ సమానమైన శబ్దంలో వినిపించాలనీ ఆమె వాదన. దుకాణదారు వెంటనే ఆమెకు ఒక కూల్‌డ్రింకు తెప్పించాడు. ఆమె తాగుతున్నంతసేపూ బేరం సాఫీగా సాగింది. పూచీకత్తుగా కొంత సొమ్ము తీసుకుని, ఒకదాని తరువాత మరొకటిగా రెండు ప్లేయర్లనూ ఇంట్లో విని చూసుకోవడానికి ఇస్తానన్నాడు.

మొదటిది వచ్చింది. హాలు నిరుడే బాగుచేయించినది: నేలంతా నున్నని మార్బుల్, ఒక గోడంతా అద్దాల షోకేసు, ఎదురుగోడకు పెద్ద గాజు కిటికీ. బావగారు రెండు కీర్తనలు విని, గచ్చు మీద ఇత్తడి పళ్ళెం జారిపడినట్టు ఉన్నదని తీర్పు చెప్పి తిప్పి పంపారు.

రెండవది వచ్చిన వారంలోనే పెద్దమ్మాయి సీమంతం. తెనాలి, గుడివాడ, రేపల్లెల నుంచి చుట్టాలు దిగారు. షామియానా సప్లయిర్స్ నుంచి పరుపులు, దిండ్లు, దుప్పట్లు తెప్పించారు. రాత్రి పరచుకున్న పరుపులను పగటిపూట హాలు గోడలకు ఆనించి నిలబెట్టారు. నాలుగైదు పరుపులు స్పీకర్ల వెనకకు చేరాయి. షోకేసు దుప్పట్ల గుట్టల చాటున కనిపించకుండా పోయింది. ఆ సభలో బావగారు ట్యూబుల ప్లేయరుకు ప్రారంభోత్సవం చేశారు. నిజం చెప్పాలంటే అద్భుతంగా ఉన్నది. తెనాలి పెదనాన్నగారు కళ్ళు మూసుకుని, "పాడేవాడు పరుపు మీద కూర్చుని పాడుతున్నట్టున్నదిరా" అన్నారు. అంతకన్నా ఖచ్చితమైన సమీక్ష ఎవరూ రాయలేరని అప్పటికి మాకెవరికీ తట్టలేదు. మరునాడే బావగారు పూర్తి సొమ్ము చెల్లించారు.

చుట్టాలు వెళ్ళారు. పరుపులు ట్రాలీ ఆటోలో వెళ్ళాయి. ఆ సాయంత్రం బావగారు అదే కీర్తన పెట్టుకుని, రెండు నిమిషాలు విని, ప్లేయరు వెనుకకు వెళ్ళి వైర్లు ఊడాయేమోనని చూశారు. వైర్లు బాగానే ఉన్నాయి; పాటే బాగాలేదు. ముందుగా అనుమానం కరెంటు మీదకు పోయి స్టెబిలైజరు వచ్చింది. తరువాత బొటనవేలంత లావు కేబుళ్ళు వచ్చాయి. ప్లేయరు కింద పెట్టడానికి ఇత్తడి మేకుల వంటివి వచ్చాయి. కొత్త ప్లేయరు 200 గంటలు ఆగకుండా మోగితే గానీ గొంతు విచ్చుకోదని దుకాణదారు ఫోనులో సెలవిచ్చాడు. దానితో రాత్రింబవళ్ళు కచేరీ నడిచింది. నాలుగవ నాడు ఎదురింటివారు వచ్చి, మీ ఇంట్లో ఏదైనా సప్తాహం జరుగుతున్నదా, ప్రసాదం ఏ రోజున అని ఎంతో భక్తిగా అడిగారు. అప్పటికి మే నెల. ఏసీ వేస్తే దాని హోరు పాటలో కలుస్తుంది, ఆపితే బెజవాడ ఎండకు తోడు ట్యూబుల వేడి.

మేనకోడలు సెలవులకు వచ్చి, హాలు నడుమ నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టింది. ఆ చప్పుడు గోడకూ గోడకూ మధ్య గణగణమంటూ కాసేపు తిరిగింది. పడకగదిలోని పరుపును ఈడ్చుకువచ్చి గోడకు ఆనించి మళ్ళీ కొట్టింది. ఈసారి చప్పుడు పుట్టినచోటే అణిగింది. సీడీలో ఉన్నది ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతనూ 16 బిట్లలో రాసిపెట్టిన లెక్క. మంచి ప్లేయర్లు ఏవైనా ఆ లెక్కను అప్పగించడంలో తేడా బహుస్వల్పం. మార్బుల్, గాజు తమ మీద పడిన పైస్థాయి ధ్వనులను దాదాపు మొత్తంగా తిప్పికొడతాయి, దూది మింగేస్తుంది. ప్లేయరు ప్లేయరుకు ఉన్న తేడా ఈ తేడా ముందు లెక్కకు రాదు. నా మటుకు నాకు, ఏ దుకాణదారూ కొనేవారి గోడల సంగతి అడగకపోవడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. దళసరి కర్టెన్లు, తివాచీ, పుస్తకాల అలమర ఉంటే చాలునని అమ్మాయి తేల్చింది.

"అయితే పరుపులు కొంటే సరిపోయేదన్నమాట," అన్నది అక్కయ్య. తివాచీకి మాత్రం ఆమె ఒప్పుకోలేదు. కప్పిపెట్టడానికా ఆ మార్బుల్ కోసం తాను రెండేళ్ళు పోరాడినదని అడిగింది. బావగారు లోపలికి వెళ్ళి, షామియానా సప్లయిర్స్ వారికే ఫోను చేసి, పది పరుపులు నెలవారీ అద్దెకు కావాలన్నారు.

"అలాగేనండీ. ఫంక్షన్ ఎప్పుడండీ?"

"ఫంక్షన్ ఏమీ లేదు. ఎవరూ పడుకోరు కూడా. గోడలకు ఆనించుకుని పాటలు వినడానికి."

అవతలివాడు కాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, "సార్, ఒకసారి మేడమ్‌గారికి ఫోనిస్తారా?" అని అడిగాడు.