పున్నమి పోటూ, పులిహోర గిన్నే

మా మావయ్య రిటైరైన సోషల్ మాస్టారు. బీచికెళ్తే అందరికీ సముద్రం కనపడుతుంది, ఆయనకి నల్లబల్ల కనపడుతుంది.

కార్తీక పౌర్ణమి సముద్రం ఒడ్డున చేసుకుందామని నరసరావుపేట నుంచి అందరం విశాఖపట్నం చేరాం. మర్నాడు అద్దె బండిలో బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలికి బయల్దేరితే దారి పొడుగునా పాఠమే. కురుసుర జలాంతర్గామి 2002లో మ్యూజియమైంది. ఎర్రమట్టి దిబ్బలు గాలీ నీళ్లూ వేల ఏళ్లుగా పేర్చిన ఇసుక. భీమిలి 1861లోనే మున్సిపాలిటీ అయింది, ఆ సమాధులు డచ్చివాళ్లవి. గోస్తని బొర్రా గుహల దగ్గర కొండల్లో పుట్టి ఇదిగో ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. పిల్లలు ఊ కొడుతున్నారు. బావ మాత్రం రోడ్డు పక్క బండి మీంచి చేపల వేపుడు వాసన తగలగానే అద్దం దించాడు. వెనక సీట్లోంచి అత్తయ్య "కార్తీకం" అంది. అంతే, అద్దం పైకి లేచింది.

అత్తయ్యకి ఆ రోజు ఉపవాసం. చంద్రుణ్ణి చూసి, దీపం వెలిగించాకే ఎంగిలిపడుతుంది. తెల్లవారుజామునే లేచి, బస చేసిన ఇంట్లోని బుల్లి వంటగదిలో గిన్నెడు పులిహోర, దద్దోజనం, బూరెలు చేసింది. పొద్దుటి నుంచీ ఆ వాసనల మధ్య పచ్చి మంచినీళ్లతో ఉన్న మనిషి ఆవిడ. ఇది గుర్తుంచుకోండి.

మేం దిగేసరికి నాలుగు కావస్తోంది. సముద్రం ఎక్కడో దూరంగా ఉంది. సరుగుడు తోటలో చాప పరుద్దామంటే మావయ్య ఒప్పుకోలేదు. "తోటలో కూర్చుంటే చంద్రోదయం ఏం కనపడుతుందర్రా?" అంటూ అందర్నీ ఇసుకలోకి నడిపించారు. మధ్యలో ఆగి, ఎండిపోయిన నాచు, విరిగిన గవ్వలు, తెగిన వల పోగులు, ఒంటి చెప్పొకటి ఒకే వరసలో పడి ఉన్నచోటు చేతికర్రతో చూపించారు. "ఇది పోటు గీత. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో సముద్రమే గీసి పెడుతుంది. రాసుకోండి." రాసుకోవడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదనుకోండి. ఆ తర్వాత ఆ గీత దాటి, అవతల తడి ఇసుక చదునుగా, శుభ్రంగా ఉందని సరిగ్గా అక్కడే చాప పరిపించారు.

పైన తెప్ప పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన కేకేశాడు. "ఏటి మేస్టారూ, అక్కడ కూకున్నారేటి? పున్నమి పోటండీ. తోటలోకెళ్లిపోండి."

మావయ్యకి పున్నమి పోటు గురించి చెప్పడమా! చెయ్యి ఊపి, మావైపు తిరిగి పాఠం ఎత్తుకున్నారు. పౌర్ణమికీ అమావాస్యకీ సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలోకొచ్చి నీళ్లని లాగుతారు. ఆటు నుంచి పోటుకి సుమారు ఆరు గంటలు. మొదట్లో నీళ్లు బద్ధకంగా పెరుగుతాయి, మూడో గంటా నాలుగో గంటా పరుగందుకుంటాయి. "అయినా ఈ తీరంలో పోటు మహా అయితే మీటరున్నర" అని తేల్చేశారు. ఎత్తు మీటరున్నరే. కానీ ఒడ్డు వాలు తక్కువైతే ఆ మీటరున్నర ఎంత దూరం నడిచొస్తుందో ఆ రోజు సిలబస్‌లో లేనట్టుంది.

పొద్దు కుంకింది. తూర్పున మబ్బు తెర. అత్తయ్య 365 వత్తుల ప్రమిద పట్టుకుని, గాలికి కొంగు అడ్డుపెట్టి కళ్లార్పకుండా చూస్తోంది. మేమంతా ఆ మబ్బునే చూస్తున్నాం. ఎర్రటి అంచు ఒకటి కనపడగానే "అదిగో!" అని మావయ్య అరిచారు. అందరం లేచి నిలబడి దణ్ణం పెట్టాం. కళ్లు మూసుకుని, రెండు చేతులూ జోడించి. గిన్నెల మీద ఎవరి చెయ్యీ లేని క్షణం అదొక్కటే.

అల చప్పుడు చెయ్యకుండా వచ్చింది. ముందు చాప లేచింది. తర్వాత పులిహోర గిన్నె, మూతతో సహా, తీర్థానికి బయల్దేరింది. బావ పరుగెత్తి మూత పట్టుకున్నాడు, గిన్నె పట్టుకోలేదు. దద్దోజనంలోకి ఇసుకతో బాటు చిన్న పీత దిగింది. బూరెలు విడివిడిగా తేలుతూ పోతుంటే చిన్నవాడు లెక్కపెట్టాడు. అత్తయ్య మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ప్రమిద మాత్రం ఆరకుండా పైకెత్తి పట్టుకుంది. ఆ దీపం వెలుగులో ఆవిడ మావయ్య వైపు చూసిన చూపు గురించి నేను రాయను.

"గాలి మారిందే! గాలి వల్ల అల ముందుకొచ్చింది" అన్నారు మావయ్య, పంచె పిండుకుంటూ.

వల పెద్దాయన గిన్నె పట్టి తెచ్చిచ్చాడు. అడుగున నాలుగు వేరుశెనగ పలుకులున్నాయి. ఆయన ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

పౌర్ణమి జనంలో ఈదుకుంటూ ఊళ్లోకొచ్చి, దొరికిన టిఫిన్ హోటల్లో తడిబట్టలతోనే కూర్చున్నాం. ఇడ్లీ వచ్చింది. అత్తయ్య కళ్లకద్దుకుని మొదటి ముక్క నోట్లో పెట్టుకుంది. ఎవరం మాట్లాడటం లేదు. మావయ్య సాంబారు ఓ చెంచా రుచి చూసి, సర్వర్‌ని పిలిచారు.

"బాబూ, ఇందులో ఉప్పు కాస్త తగ్గింది."

అత్తయ్య తలెత్తకుండానే అంది: "బండి బయటే ఉంది. వెళ్లి ముంచుకు రండి."