ఇరవై ఏడవ మంత్రిగారి ఆదివారం

రాజ్యాంగ 91వ సవరణ ప్రకారం రాష్ట్ర మంత్రిమండలి శాసనసభ సభ్యుల సంఖ్యలో 15 శాతానికి మించరాదు కనుక, 175 స్థానాలున్న మన ఆంధ్రప్రదేశ్ సభకు ముఖ్యమంత్రితో కలిపి 26 మందికి మించి మంత్రులు ఉండే వీలు లేదు. ఈ నిబంధనను బాహాటంగా ఉల్లంఘిస్తూ, వశిష్ట గోదావరి ఒడ్డున నరసాపురానికి కాస్త ఇవతల ఉన్న మా ఊరిలో ఇరవై ఏడవ మంత్రి ఒకరు రెండేళ్లుగా పదవిలో కొనసాగుతున్నారన్న సంగతిని పాఠకుల దృష్టికి తేవడం నా విధిగా భావిస్తున్నాను. ఆయన చేత గవర్నరు ప్రమాణం చేయించలేదు. అయినా చర్చి గోడకు కట్టిన ఫ్లెక్సీలో ఆయన ఫోటో కింద ‘చిల్డ్రన్స్ మినిస్టర్’ అని కొబ్బరిబోండాలంత అక్షరాలు ఉన్నాయి. చర్చిలో పిల్లలకు ఆదివారపు బడి నడిపే పరిచారకులను ఇంగ్లీషులో అలాగే అంటారు.

ఫ్లెక్సీ కట్టిన మూడో రోజునే మొదటి అర్జీ వచ్చింది. మనవరాలి పేరున, బడి పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే ‘తల్లికి వందనం’ డబ్బులు పడలేదంటూ, ఆధార్ జిరాక్సును, బ్యాంకు పుస్తకాన్ని బట్టల కొట్టు కవరులో పెట్టుకొని వచ్చిన ఒక ముసలమ్మకు, తాను ఆ మంత్రిని కానని నచ్చజెప్పడానికి ఆయన అరగంట పాటు శ్రమించారు. ‘‘పదవిలోకి వచ్చాక అందరూ ఇదే మాట అంటారు బాబూ’’ అని ఆమె అరుగు మీద చతికిలబడింది. చేసేదిలేక ఆయన ఆ కవరు మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు, మర్నాడు ఆమెను బండి మీద ఎక్కించుకొని ఊరి సచివాలయానికి తీసుకువెళ్ళారు. అర్జీల మీద సంతకాలు పెట్టిన మంత్రులను చూశాను, అర్జీలను కారు సీటు మీద మరిచిపోయిన మంత్రులనూ చూశాను గానీ, అర్జీకి ప్రార్థన చేసి అర్జీదారుకు బండి తోలిన మంత్రిని చూడటం మాత్రం అదే మొదలు.

ఇటువంటి ప్రజాప్రతినిధి ఆదివారం నాడు ఏం చేస్తారో పరిశీలించాలన్న సత్సంకల్పంతో, కార్తీక మాసంలో, సార్వా కోతలు ముమ్మరంగా సాగుతున్న ఒక ఆదివారం, నేను ఉదయం అయిదు గంటలకే ఆయన ఇంటి ముందు నిలబడ్డాను. ఆ రోజు చర్చిలో కోత పండుగ, మధ్యాహ్నం కొబ్బరితోటలో ‘కుటుంబ వినోద దినం’. మంత్రిగారి వాహనశ్రేణి అప్పటికే బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. అది ఒకే ఒక్క టీవీఎస్ ఎక్సెల్. ముందు భాగంలో మరమరాల మూట, దాని మీద అయిదేళ్ల కూతురు, నడుమ మంత్రిగారు, వెనుక తొమ్మిదేళ్ల కొడుకు, ఆ వెనుక బైబిలు కథలో యోనా ప్రవక్తను మింగవలసిన ఆరడుగుల అట్టచేపను నిలువునా పట్టుకొని అమ్మగారు. మలుపులో గాలి తగిలినప్పుడల్లా చేప బండిని కాలువ వైపు లాగుతూ ఉంటే, అమ్మగారు మాత్రం ఏ రక్షణ బలగమూ చూపని నిబ్బరంతో కూర్చున్నారు.

చరిత్ర తెలియనివారి కోసం ఒక మాట. ఆదివారపు బడికి పేరు తెచ్చినవాడు ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణపు రాబర్ట్ రైక్స్, సంవత్సరం 1780. ఆయన పత్రికా సంపాదకుడు కాబట్టి మా వృత్తివాడే అని గర్వంగా చెప్పుకోవచ్చు. వారంలో ఆరు రోజులూ కార్ఖానాలలో పనిచేసే పిల్లలు ఏడో రోజు వీధులలో చేసే గోల భరించలేకుండా ఉందన్న ఫిర్యాదుల నడుమ పుట్టిన ఆ ఏర్పాటు, కాలక్రమంలో గోలను వీధిలోంచి చర్చిలోకి మార్చగలిగింది. 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరిన విలియం బౌడెన్, జార్జి బీర్ అనే మిషనరీలు భార్యలతో సహా మన నరసాపురానికి వచ్చారు. పరిచర్యకు మనిషిని ఒకరిని పిలిచి ఇద్దరి చేత పని చేయించుకొనే సదాచారం డెల్టాలో ఆనాటి నుంచే స్థిరపడి ఉంటుందని నా అనుమానం.

శాసనసభలో ప్రశ్నోత్తరాల సమయం ఒక గంట. జవాబు తెలియకపోతే సమాచారం సేకరిస్తున్నామని చెప్పి మంత్రి కూర్చోవచ్చు. మా మంత్రిగారికి ఆ సౌకర్యం లేదు. నోవహు ఓడ కథ ముగిసీ ముగియకముందే రొయ్యల చెరువు రైతు కొడుకొకడు లేచాడు.

‘‘మాస్టారండీ, నలభై రోజులు ఆపకుండా వాన కురిస్తే చెరువులో ఉప్పు శాతం పడిపోద్ది కదండీ, మరి రొయ్యల సంగతేంటండీ?’’

మంత్రిగారు ఓడలోకి జంతువులనూ పక్షులనూ మాత్రమే ఎక్కించారని సర్దబోయారు. ‘‘అంత నీటిలో గాలి కొట్టే ఏరియేటర్లు కూడా ఆడవండీ’’ అని వాడు విచారంగా కూర్చున్నాడు. వాళ్ల నాన్న గత వానలకు ఒక పంట పోగొట్టుకున్నాడన్న సంగతి ఎరిగిన తరగతి మొత్తం, జలప్రళయాన్ని ఆ రోజు రొయ్యల కోణంలోనే అర్థం చేసుకుంది.

తరువాతి అంకం రంగులు వేయించడం. విదేశీ పాఠాల నుంచి అచ్చు తీయించిన ఆ కాగితాలలో శరదృతువు అంటే మూడు కొనలున్న పెద్ద ఎర్రాకు, ఎండుగడ్డి బండి, పళ్ళు బయటపెట్టి నవ్వే గుమ్మడికాయ. మా ప్రాంతంలో శరత్తులో ఏ చెట్టూ ఎర్రబడదు. కొబ్బరిచెట్టు ఆకులు రాల్చదు. రాల్చితే మట్ట రాలుస్తుంది, దానికి ఋతువుతో పనిలేదు, కింద మనిషి ఉంటే చాలు. ఆకుకు ఎరుపు వేయమంటే ఒక పిల్ల క్రేయాన్‌ను పక్కన పెట్టి, ‘‘ఇది ఎండాకు తెగులండీ, మందు కొట్టాలండీ’’ అంది. గుమ్మడికాయను చూసిన ఇంకొకడు, ‘‘ఇల్లు ఎవరు కడుతున్నారండీ?’’ అని అడిగాడు. మా ఊరిలో కళ్లూ నోరూ దిద్దిన గుమ్మడికాయ కొత్త ఇంటి ముందు దిష్టికి వేలాడుతుంది తప్ప నవ్వించడానికి కాదు.

పెద్దల ఆరాధనలో పాస్టరు అయ్యగారు నాలుగవ ఆజ్ఞ మీద, అనగా విశ్రాంతి దినం మీద, నలభై అయిదు నిమిషాలు ప్రసంగించారు. ఆ నలభై అయిదు నిమిషాలూ మంత్రిగారు వెనుక వరండాలో ముప్పై ఏడుగురు పిల్లల నోళ్ళు మూయించే పనిలో ఉన్నారు గనుక, విశ్రాంతిని గురించిన ఆ మంచి మాటలు వినే భాగ్యం ఆయనకు కలగలేదు. కోత పండుగ వేలంలో మొదటి వరిపన, రెండు అరటి గెలలు, ఒక నాటుకోడి పాటకు వచ్చాయి. కోడిని సంఘ పెద్ద ఒకరు బజారు ధరకు నాలుగింతలు పెట్టి పాడుకొని చప్పట్లు అందుకున్నారు. సొమ్ము ఏమైనా పిల్లల పనికి ఇస్తారా అని మంత్రిగారు అడిగితే, ‘‘వచ్చే కమిటీలో చూద్దామండీ’’ అన్నారు. ఈ ఒక్క విషయంలో ఆయన శాఖకూ ప్రభుత్వ శాఖలకూ తేడా కనిపించలేదు.

ఇక కుటుంబ వినోదం. ఆకాశంలో తూర్పున నల్లటి మబ్బు గుడ్డపేలిక అంత కనిపించగానే వృద్ధులందరూ 1996 నవంబరు 6 నాటి తుపానును గుర్తు చేసుకొని కార్యక్రమం వాయిదా వేయమన్నారు. డెల్టాలో ఆ నెల మబ్బుకు ఆ గౌరవం దక్కవలసిందే. కానీ టెంట్‌హౌస్‌కు బయానా ఇచ్చేశారు. తోటకు వెళ్లేసరికి అసలు చిక్కు తెలిసింది. అదే తోటలో ఆ చివర, నాటిన ఉసిరికొమ్మ కింద, కార్తీక వనభోజనాలు జరుగుతున్నాయి. రెండు కార్యక్రమాలకూ ఒకే టెంట్‌హౌస్ వాడు ఒకే రకం ఎర్ర కుర్చీలు వేశాడు, ఒకే వంటమేస్త్రి రెండు గుండిగలలో ఒకే పులిహోర కలిపాడు. వనభోజనాలకు సైతం కులమడిగి విస్తరి వేసే రోజులు వచ్చాయి గానీ, పులిహోరకు ఇంకా ఆ తెలివి రాలేదు.

చెంచా నిమ్మకాయ పందెంలో మంత్రిగారి కొడుకు అందరికన్నా ముందు గీత దాటాడు. మంత్రిగారు క్షణమైనా తటపటాయించకుండా స్టీలు గ్లాసును రెండో పిల్లవాడికి ఇచ్చేశారు. తన వాళ్లకు పదవులు కట్టబెట్టారన్న మాట రాకూడదు కదా. బంధుప్రీతిని ఇంత నిర్దాక్షిణ్యంగా నిర్మూలించిన మంత్రి పేరు నాకు చరిత్రలో తారసపడలేదు. కుర్రవాడు నిమ్మకాయను జేబులో వేసుకొని, తల్లి దగ్గరకు పోయి పొట్లాలు కట్టసాగాడు. కుటుంబాలన్నీ కలిసి ఆడిన తాడులాగుడులో ఆ ఒక్క కుటుంబం లేదు. తాడు తెచ్చింది మాత్రం వాళ్లే.

సాయంత్రం ఆయన జాబితా పట్టుకొని ముప్పై ఏడు పేర్లకూ టిక్కు పెట్టి, పిల్లలందరినీ ఆటోలలో ఎవరి గుమ్మం దగ్గర వారిని దింపించి, ఎనిమిది గంటలకు ఇల్లు చేరి చెప్పులు విడిచారు.

‘‘ఏమండీ, చిన్నది మీ బండి మీద రాలేదా?’’ అని అమ్మగారు అడిగారు.

నిర్వాహకుల పిల్లల పేర్లు జాబితాలో ఉండవు. మేమంతా టార్చిలైట్లతో తోటకు పరుగెత్తేసరికి టెంట్‌హౌస్ కుర్రవాడు కుర్చీలు దొంతరలు పెడుతూ లెక్క చూసుకుంటున్నాడు. ఉసిరికొమ్మ వైపున రెండు కుర్చీలు కలిపి వేసి, వాటి మీద ఎవరిదో పాత చీర కప్పుకొని పిల్ల నిద్రపోతోంది. మూతికి పులిహోర పసుపు అంటి ఉంది. ఒక పెద్దావిడ పక్కనే కూర్చొని దోమలు తోలుతోంది.

‘‘మా వాళ్ల పిల్లే అనుకున్నామండీ, రెండుసార్లు వడ్డించాం’’ అంది ఆమె.

మంత్రిగారు పిల్లను భుజాన వేసుకున్నారు. టెంట్‌హౌస్ కుర్రవాడు పుస్తకం తెరిచి, చెవి మీది పెన్సిల్ తీసి అడిగాడు: ‘‘ఈ రెండు కుర్చీలూ ఎవరి ఖాతాలో రాయమంటారండీ?’’