సూటెడ్ కదా, వదలబుద్ధి కాదు!

పోకర్ బల్లను నిలబెడుతున్నది ఎవరు? రాజుల జత పట్టుకుని రెయిజ్ చేసేవాడు (పందెం పెంచేవాడు) మాత్రం కాదు, అతను ఎప్పుడో ఒకసారి వచ్చి పోయే అతిథి. విడవకుండా చిప్స్ (పందెం బిళ్లలు) దింపుతూ, పాట్‌ను (పందేల కుప్పను) పోషిస్తూ, తక్కినవాళ్లందరికీ ఆసరాగా నిలిచిన మహానుభావుడు వేరే ఉన్నాడు. కళావర్ తొమ్మిది, కళావర్ మూడు చేతికి రాగానే ఆయన ముఖం వెలిగిపోతుంది. “సూటెడ్ కదా, రెండూ ఒకే రంగు!” అని కాల్ చేస్తాడు, అంటే అవతలివాడు వేసినంతా తానూ వేస్తాడు. అలాంటి దాతను “ఫిష్” (ఆట చేతకానివాడు) అంటూ వెక్కిరించడం కృతఘ్నత. ఆయన పక్షాన నాలుగు మాటలు చెప్పేవాళ్లు ఉండాలి.

ఆయన వాదనలో బలం లేకపోలేదు. రెండు ముక్కలూ ఒకే రంగువైతే (రెండూ కళావరో, రెండూ ఇస్పేటో), అవే ముక్కలు వేరు రంగుల్లో వచ్చినప్పటికన్నా గెలుపు వాటా రెండు నుంచి నాలుగు శాతం దాకా పెరుగుతుంది. తొమ్మిది-మూడు అనే చెత్త, ఆ రెండు మూడు శాతం కలిశాక, రంగు కలిసిన చెత్త అవుతుంది. చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా అయిదు: మొదట మూడు (ఫ్లాప్), తర్వాత ఒకటి (టర్న్), చివర ఒకటి (రివర్). ఫ్లాప్‌లోనే ఫ్లష్ (ఒకే రంగు ముక్కలు అయిదు) పూర్తయ్యేది సుమారు 119 సార్లకు ఒకసారి. ఫ్లష్ డ్రా (నాలుగు కలిసి, ఇంకొకటి తక్కువ) దొరికేది 11 శాతం సార్లు. మిగిలిన సందర్భాల్లో చాలాసార్లు ఆయన చేతిలో ఉండేది మహా అయితే ఓ చిన్న జత, దానితోపాటు బోలెడు ఆశ.

సరే, డ్రా దొరికిందనుకుందాం. పాట్‌లో 10 ఉంది, అవతలివాడు 5 వేశాడు. 15 గెలవడానికి 5 పెట్టాలి, అంటే మూడుకు ఒకటి. టర్న్‌లో ఆ రంగు ముక్క పడే అవకాశం 47లో 9, అంటే పడని సార్లకూ పడే సార్లకూ నిష్పత్తి సుమారు నాలుగుంపావుకు ఒకటి. ఈ తేడా పూడాలంటే, ఫ్లష్ పడ్డాక అవతలివాడి నుంచి సగటున ఇంకో 6 పైచిలుకు రాబట్టాలి. అవతలివాడికీ కళ్లున్నాయన్నదే ఇక్కడి చిక్కు. బల్ల మీద మూడో కళావర్ పడగానే అతని చెయ్యి చిప్స్ దగ్గరికి పోదు. పోయిందంటే మరీ ప్రమాదం: అతని దగ్గర ఆసు కళావర్ ఉండొచ్చు. తొమ్మిది పెద్ద ముక్కగా ఉన్న ఫ్లష్ చిన్న పాట్లు గెలుస్తుంది, పెద్ద పాట్లు పోగొడుతుంది. ఫ్లష్ కోసమే పోవాలనుకుంటే ఆసు ఉన్న సూటెడ్ ముక్కలకో అర్థం ఉంది. కానీ మన దాతకు ఇలాంటి వర్ణవివక్ష లేదు, అన్ని రంగులూ అన్ని అంకెలూ ఆయనకు సమానమే.

పొజిషన్ (ఎవరు ముందు, ఎవరు వెనక ఆడాలన్న) విషయంలోనూ ఆయన సమతావాది. ఫ్లాప్ తర్వాత అందరికన్నా చివర ఆడే బటన్ మీద కూర్చుని, ముందే ఇద్దరు కాల్ చేసి ఉండగా ఏడు-ఆరు సూటెడ్ ఆడటం ఒకటి. అదే ఏడు-ఆరును స్మాల్ బ్లైండ్‌లో (ముక్కలు చూడకముందే చిన్న తప్పనిసరి పందెం కట్టే సీట్లో) ఆడటం వేరొకటి: ఫ్లాప్ దగ్గర్నుంచి రివర్ దాకా ప్రతిసారీ ముందు నోరు విప్పాల్సింది మీరే. పైగా ఎవరో చేసిన 3 రెయిజ్‌ను మీరు కాల్ చేశాక, వెనక ఉన్న బిగ్ బ్లైండ్ (పెద్ద తప్పనిసరి పందెం కట్టినవాడు) 12కు రీరెయిజ్ చేస్తే, కట్టిన 3 ఫ్లాప్ చూడకుండానే గోవిందా. “ఆసుల జతను కూడా ఏడు-ఆరు సూటెడ్ ఓడిస్తుంది” అంటాడాయన. నిజమే, సుమారు 23 శాతం సార్లు. అయితే ఆ లెక్క అయిదు ముక్కలూ చూసినవాడిది. ఫ్లాప్ తగలక, పడ్డ బెట్‌కు తలవంచి వదిలేసేవాడికి ఆ 23లో ఎంత మిగులుతుందో ఆయన అడగడు.

ఇంకా వాదిస్తే అమెరికన్ పోకర్ దిగ్గజం డాయిల్ బ్రన్‌సన్‌ను సాక్ష్యానికి పిలుస్తాడు. 1976లోనూ 1977లోనూ వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ చివరి హ్యాండ్‌ను బ్రన్‌సన్ పది-రెండుతోనే గెలిచాడు, రెండుసార్లూ ఫుల్ హౌస్ (ఒక అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు). అప్పుడు బల్ల దగ్గర మిగిలింది ఇద్దరే అన్న సంగతి మాత్రం సాక్ష్యంలోకి రాదు. తొమ్మిదిమంది ఉన్న బల్ల మీద, మొదటి సీట్లోంచి పది-రెండు ఆడమని ఆ ట్రోఫీలు ఎక్కడా చెప్పలేదు.

ఇక చిన్న జతలు. స్పెక్యులేటివ్ హ్యాండ్స్‌లో (బల్ల మీద కలిసొస్తేనే విలువ వచ్చే ముక్కల్లో) కాస్త మర్యాదస్తులు ఇవే, ఎందుకంటే సెట్ (చేతిలో జతకు తోడు అదే అంకె మూడోది) పడితే బల్ల మీద కనిపించేది ఒక్క ముక్కే. ఫ్లాప్‌లో పడేది సుమారు ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి. 3 బిగ్ బ్లైండ్ల రెయిజ్‌ను నాలుగుల జతతో కాల్ చేస్తే, పడిన ప్రతి ఒక్కసారికీ పడని ఏడున్నర సార్ల ఖర్చు ఇరవై రెండున్నర బ్లైండ్లు. పడ్డ ప్రతిసారీ అవతలివాడు సొమ్ము అప్పగించడు గనుక, ఇద్దరిలో చిన్న స్టాక్‌లో (ముందున్న చిప్స్‌లో) కాల్ మొత్తానికి కనీసం 15 నుంచి 20 రెట్లు ఉండాలంటారు ఆటగాళ్లు. 3కు కాల్ అంటే 45 నుంచి 60 బ్లైండ్లు. అదే 100 బ్లైండ్ల స్టాక్‌తో 10 బ్లైండ్ల రీరెయిజ్‌ను కాల్ చేస్తే పది రెట్లే. టోర్నమెంట్‌లో 18 బ్లైండ్లు మిగిలినవాడు 3 పెట్టి సెట్ కోసం ఎదురుచూడటమైతే, ఉన్న స్టాక్‌లో ఆరో వంతును ముక్కలు చూసిన సరదాకు కట్టడమే.

ఇంత ఖర్చూ పెట్టాక, మన దాతకు ఎట్టకేలకు సెట్ పడుతుంది. అవతలివాడి చేతిలో ఆసుల జత. ఫ్లాప్‌లో 5, టర్న్‌లో 12, రివర్‌లో 30 వేసి కాల్ చేయించుకుంటే 47 బ్లైండ్లు వస్తాయి, గత ఏడున్నర సార్ల బాకీ తీరి పైన మిగులుతుంది. కానీ ఆయన కపటం తెలిసినవాడు. ఫ్లాప్‌లో చెక్ చేస్తాడు (పందెం వేయకుండా ఊరుకుంటాడు), టర్న్‌లో మళ్లీ చెక్. అవతలివాడూ చెక్. రివర్‌లో, బల్ల మీద నాలుగో ఇస్పేట్ పడుతుంది, ఆయన 2 బ్లైండ్లు వేస్తాడు, ఆసులవాడు ఫ్లష్ అనుకుని నిట్టూర్చి ముక్కలు పడేస్తాడు. “ఎలా పట్టానో చూశారా!” అంటూ నాలుగుల జత తిరగేసి అందరికీ చూపిస్తాడు మన దాత.