గౌరవ వేతనం కాదు, జీతం ఇవ్వండి

ఈ ఉదయం మనవరాలిని అంగన్‌వాడీ కేంద్రంలో దింపుతుండగా, గుమ్మం దగ్గర నిలబడ్డ మా వీధి పెద్దాయన ఒకరు "పిల్లల్ని ఆడించేవాళ్లకు కూడా జీతాలు పెంచాలంటండీ" అన్నారు. రాత్రి కురిసిన వానకు మా కోనసీమ వీధులన్నీ బురదమయం కావడంతో, ఆ సమయానికి ఆయమ్మ ఒక బాబును చంకన వేసుకుని ఇంకొక పాప కాళ్లు కడుగుతోంది. ఆ మాట ఆమెకు వినపడింది. చెంబు కింద పెట్టి, పాప పాదాలను తన కొంగుతో తుడిచి, లోపలికి తీసుకుపోయింది. నాకు మాత్రం ఇంతవరకూ మనసు కుదుటపడలేదు.

ఆడించడం ఒక్కటేనా ఆమె పని? అన్నం వండి, గుడ్లు ఉడకబెట్టి, మారాం చేసే పిల్లలను బుజ్జగించి తినిపించి, దొడ్డికి వెళ్లినవాళ్లను శుభ్రం చేసి, నిద్రపుచ్చేది ఆమే. పాటలూ అక్షరాలూ నేర్పడంతోపాటు ప్రతి బిడ్డ బరువూ ఎత్తూ చూసి, ఆ లెక్కలన్నీ ఫోనులో పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్‌కు ఎక్కించేది టీచరు. గోదావరి పొంగినప్పుడు ఏ లంకలో ఏ గర్భిణికి నెలలు నిండాయో అధికారులు అడిగేది కూడా ఆవిడనే. వీళ్లిద్దరూ ఉన్నారన్న ధైర్యంతోనే మా ఊరి తల్లులు ఊడ్పులకూ రొయ్యల షెడ్లకూ వెళ్లగలుగుతున్నారు.

ఇంత పనికి ఇచ్చే డబ్బును జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2023 డిసెంబరు 12న సమ్మెకు దిగేనాటికి మన రాష్ట్రంలో టీచరుకు నెలకు 11,500, ఆయాకు 7,000 రూపాయలు. 42 రోజులు పని మాని రోడ్డు మీద కూర్చున్నారు. మధ్యలో, 2024 జనవరిలో, వాళ్లది అత్యవసర సేవ అని చెప్పి, సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించారు. సమ్మె ఆపించవలసి వచ్చినప్పుడు అత్యవసరమైన పని, డబ్బు ఇవ్వవలసి వచ్చేసరికి స్వచ్ఛంద సేవ ఎలా అయిందో ఆనాటి నుంచి నాకు మింగుడుపడటం లేదు. పని నుంచి దిగిపోయేటప్పుడు ఇచ్చే సొమ్ముకు సంబంధించిన గ్రాట్యుటీ చట్టం ప్రకారం ఈ గౌరవ వేతనం కూడా వేతనమేనని 2022 ఏప్రిల్‌లోనే సుప్రీంకోర్టు చెప్పింది కదా!

మా అబ్బాయిని సాకిన పాత ఆయమ్మ ఆ తీర్పుకు ఎన్నో ఏళ్ల ముందే, గ్రాట్యుటీ అన్న మాటే వినకుండా దిగిపోయింది. ఇప్పుడు కొబ్బరి ఈనెలు చీరి, చీపుళ్లు కట్టి అమ్ముకుంటోంది. మొన్న ఒక చీపురు తీసుకుని వంద నోటు ఇచ్చి ఉంచుకోమంటే, ఒప్పుకోక, చిల్లర పైసాతో సహా లెక్కపెట్టి నా చేతిలో పెట్టి, "బాబు బాగున్నాడా అండీ?" అని అడిగింది.