అమెరికా కథల్లోని ఆవకాయకు ఒక లేఖ

మహారాజశ్రీ ఆవకాయ గారికి,

ఉభయకుశలోపరి. అమెరికా తెలుగు కథల్లో అమ్మ పాత్రను ఎన్నో ఏళ్లుగా తమరు ఒంటిచేత్తో నెట్టుకొస్తున్నందుకు ముందుగా అభినందనలు. ఆవిడ మాట్లాడవలసిన చోటల్లా తమ డబ్బా మూత తెరుచుకుంటుంది, ఘాటు కొడుకు ముక్కుకు తగులుతుంది, ఆ కన్నీళ్లు ఆవపిండివో ప్రేమవో తేలకముందే కథ ముగుస్తుంది.

తమరి ప్రయాణాన్ని వర్ణించడంలో మాత్రం మా రచయితలు ఏ లోటూ చేయరు. మూడో నాడు తిరగకలిపిన పచ్చడిని డబ్బాకెత్తి, మూతకు టేపు చుట్టి, ఒకదానిమీద ఒకటి మూడు ప్లాస్టిక్ కవర్లు తొడిగి, పాత నేత చీరలో పొదిగి, తీరా సూట్‌కేసు 23 కిలోలకు అరకిలో ఎక్కువ తూగిందని కందిపొడి పొట్లాన్ని బయటికి తీసే ఘట్టానికే రెండు పేజీలు పడతాయి. విజిటర్ వీసా మీద దిగిన అమ్మకు విమానాశ్రయంలో అధికారి సైతం మామూలుగా ఆరు నెలలు ఇస్తాడు. మన కథకుడు ఆరు వాక్యాలు ఇవ్వడానికి వెనకాడతాడు. ఇచ్చిన ఆరింటిలో నాలుగు "తిన్నావా నాన్నా?" అన్నవే. పసివాణ్ణి సాకడానికి ఈవిడ ఆరు నెలలు, ఈవిడ విమానమెక్కాక కోడలి తల్లి ఆరు నెలలు వంతులవారీగా వచ్చే ఏర్పాటు మనకు కొత్త కాదు. కారు నడపడం రాక, సాయంత్రం దాకా పలకరించే మనిషి లేక, చీర కింద స్పోర్ట్స్ బూట్లు తొడుక్కుని వీధి చివరిదాకా నడిచివచ్చే ఆ మనిషి మనసులో ఏముందో కొడుకూ అడగడు, రచయితా అడగడు. (అడిగితే కథలో తమరికి పని ఉండదని కాబోలు.)

చైనీస్ అమెరికన్ రచయిత కెన్ లియు 2011లో ప్రచురించిన ‘ది పేపర్ మెనాజరీ’ అనే ఇంగ్లిష్ కథలోనూ ఒక వస్తువే ఉంది: చైనా నుంచి వచ్చిన తల్లి, క్రిస్మస్ కానుకలకు చుట్టిన కాగితంతో కొడుక్కి చేసిచ్చిన పులి. అయితే దాని మడతలు విప్పితే లోపల ఆవిడ చేతిరాత ఉంటుంది. చైనీస్ చదవడం రాని కొడుకు పరాయి మనిషి చేత చదివించుకుని, ఆవిడ పుట్టిన ఊరినీ చిన్ననాటి కరువునీ ఆవిడ పోయాక తెలుసుకుంటాడు. తమరిని అడుగుదాకా తోడినా మాకు దొరికేది టెంక ముక్కే.

నా తప్పూ ఒప్పుకోవాలి. తమరి మీద నేనూ ఒక కథ రాశాను. అందులో అమ్మ మోకాళ్ల నొప్పులతోనే పీట వేసుక్కూర్చుని కాయలు కొడుతుంది; కొడుకు న్యూజెర్సీలో తొలి ముద్దకే ఏడుస్తాడు. అచ్చయ్యాక గర్వంగా ఫోన్లో చదివి వినిపించాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు.

"బాగుందిరా. కానీ ఆ ఏడు నేను ఆవకాయ పెట్టనే లేదు. కొట్లో కొని మన డబ్బాలోకి మార్చాను. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు."

ఇట్లు,
ఆ తొలి ముద్దకు ఏడ్చినవాడు