ముందు ప్రైమర్, తర్వాతే రిబ్బన్

ప్రజాధనంతో కట్టిన ఏ పనికైనా రిబ్బన్ కత్తిరించే ముందు బూడిదరంగు ప్రైమర్ (రంగుకు ముందు వేసే తొలిపూత) కొట్టి తీరాలని, ఒంగోలులో ప్లాస్టిక్ విమానాలు చేసుకునేవాళ్ల తరఫున డిమాండ్ చేస్తున్నాను. మేమంతా కలిస్తే ఒక ఆటోలో పడతాం. కానీ నునుపు విషయంలో మా అంత పట్టింపు జిల్లాలో ఇంకెవరికీ లేదు, చీమకుర్తి గ్రానైట్ పాలిష్ వాళ్లకు తప్ప.

2025 సెప్టెంబరులో వాయుసేన సాగనంపిన మిగ్-21 ఉంది కదా, దాని 1/72 స్కేలు (అంటే అసలు విమానంలో 72వ వంతు) కిట్టు కొంటే జానెడు విమానం ఎడమ చెక్క, కుడి చెక్కగా వస్తుంది. అతికించాక నడుమ వెంట్రుకంత గీత మిగులుతుంది. వెంట్రుకేగా అనకండి. 0.1 మిల్లీమీటరును 72తో హెచ్చవేస్తే 7 మిల్లీమీటర్లు దాటుతుంది. పెన్సిల్ దూరే సందున్న విమానం ఏ పైలట్ ఎక్కుతాడు? అందుకే లప్పం పెడతాం. ఆరాక కుంగుతుంది, మళ్లీ పెడతాం. తొందరగాళ్లు ఫెవిక్విక్ వేసి వంటసోడా చల్లుతారు. క్షణంలో బిగుస్తుంది గానీ వెంటనే రుద్దకుండా వదిలేస్తే ప్లాస్టిక్ కంటే గట్టిపడుతుంది. ఆనక రుద్దితే పక్కన ప్లాస్టిక్ అరిగి, అతుకు గట్టులా లేస్తుంది. 400 నంబరు వాటర్ పేపర్, తర్వాత 600, ఆపైన 1000, తడిపి తడిపి రుద్దాలి. ఇదంతా విమానం పొట్ట కింద, బీరువా ఎక్కాక చీమ తప్ప ఎవరూ చూడని చోట. ఈలోగా మా ఆవిడ బాత్రూం గోడ పగులు చూపించి ఏదో అంది. అది వేరే శాఖ పరిధి.

అప్పుడు ప్రైమర్. లప్పం తెలుపు, ప్లాస్టిక్ రంగు కలిసిపోయి అంతా ఒకే బూడిదరంగవుతుంది. అంతవరకు కళ్లుగప్పిన ప్రతి గుంటా, గీకుడూ పైకి తేలుతుంది. దాని ముందు పైరవీ నడవదు.

మా వీధి సిమెంటు రోడ్డుకూ కాలువకూ మధ్య, ఏ హెచ్చవేతా అక్కర్లేకుండానే, చెప్పు దూరే సందుంది. కాంట్రాక్టరు అందులో ఇసుక పోసి, పైన తెల్లగీత వేయించాడు. పైన పటారం, లోన లొటారం. తొలి వానకు ఇసుక కాలువలోకి, కాంట్రాక్టరు కొత్త టెండరులోకి వెళ్లిపోయారు.

అధికారులకు టెన్షన్ అక్కర్లేదు. తేలినదాన్ని రుద్ది మళ్లీ కొట్టుకోవచ్చు. మాలో కొందరు పదేళ్లుగా ఒకే విమానం రుద్దుతున్నారు, కాబట్టి ఆలస్యం గురించి మేం నిలదీయం. ఇక ప్రైమర్ డబ్బాలంటారా, కర్నూలు రోడ్డులో మా బావమరిదికి పెయింట్ల షాపు ఉన్నమాట వాస్తవమే. దానికీ ఈ ప్రతిపాదనకూ ఏ సంబంధమూ లేదు.